ఆరు ఉంగరాలు

రాత్రి రెండుంబావుకి తెచ్చారు బస్యూనీని,
వరి మోపులు తోలే బండిలో.
ఒళ్ళో ప్లాస్టిక్ బకెట్.
అందులో ఏముందో ఎవరూ చెప్పలేదు, నేనడగలేదు.
ఆ వాసన ఇరవై రెండేళ్ళుగా నా ముక్కులోనే కాపురముంది.

కఫ్ర్ ఎల్ షేక్ అవతల, కాలువ గట్టున పుట్టినవాడు.
చిన్నప్పుడు గేదెతో పాటు నీళ్ళలోకి దిగేవాడట,
గేదె కంటే ఆలస్యంగా ఒడ్డెక్కేవాడట.
నత్తల్లోంచి ఈదుకొచ్చిన కంటికానని పురుగులు
చర్మంలో దూరి, కాలేయం చేరి గుడ్లు పెట్టాయి.
సర్కారువాళ్ళు బడికే మందు తెచ్చారు.
పిల్లలందరికీ వరసగా
ఒకటే గాజు సిరంజి, వేణ్ణీళ్ళలో ఒక్క మునక.
మందు పురుగును చంపింది,
సూది ఇంకోదాన్ని లోపల వదిలింది.
ఎవర్ని తిట్టమంటారు?
మా నాన్న కూడా ఆ వరసలో నిలబడ్డవాడే.

తూము మూస్తే నీళ్ళు పక్క చేలో పడతాయి.
కాలేయం రాయైతే నెత్తురూ అంతే.
అన్నవాహిక గోడల మీద
సిరలు జలగల్లా ఉబ్బాయి. ఒకటి పగిలింది.

నేను కొత్తగా చేరినప్పుడు
గొంతులోకి బుడగ దించి, గాలి ఊది, బరువు కట్టి
తెల్లవార్లూ కాపలా కాసేవాళ్ళం.
గాలి తీస్తే కొందరికి మళ్ళీ మొదలయ్యేది.
వాళ్ళ పేర్లు చెప్పను.

డాక్టర్ మాజిదా గొట్టం దించింది.
తెరంతా ఎరుపు.
నీళ్ళు కొట్టి, పీల్చి, మళ్ళీ నీళ్ళు కొట్టి.
రెండో రక్తం సంచి సగమైంది.
ఒత్తిడి దించే మందు చుక్క చుక్కగా దిగుతోంది,
దానికేం తొందర లేనట్టు.
"అదిగో," అంది. సన్నటి చిమ్ము.
గొట్టం కొస ఆ ఉబ్బును లోపలికి పీల్చుకుంది.
"తిప్పు."
చక్రం తిప్పడం నా పని.
చెవికేం వినపడదు. బొటనవేలికి తెలుస్తుంది
రబ్బరు ఉంగరం జారి బిగుసుకున్న సంగతి.
చిమ్ము ఆగింది.
నేనప్పటిదాకా ఊపిరి తీసుకోలేదని అప్పుడు తెలిసింది.
"తిప్పు."
"తిప్పు."
మొత్తం ఆరు.

బయట వహీబా, కళ్ళలో వత్తులు వేసుకుని.
కోయలేదా, కుట్టలేదా, మరెలా ఆపారంది.
ఉంగరాలు తొడిగామన్నాను.
"నాకు పెళ్ళిలో కూడా ఒకటే పెట్టాడు,
అదీ అమ్మేశాడు," అని
అక్కడే కూలబడి ఏడ్చింది.

మూడో రోజు చల్లటి పెరుగు తింటూ అడిగాడతను,
ఉంగరాలు ఎన్నాళ్ళుంటాయని.
వారం, పది రోజులు. వాటంతటవే రాలిపోతాయి,
నీకు తెలియకుండానే బయటికి పోతాయి.
నెల తిరక్కుండా మళ్ళీ రావాలి,
మిగిలిన సిరలున్నాయి.
"బయటికంటే?"
చెప్పాను.
చెంచా ఆపి కాసేపు ఆలోచించాడు.
"మా వీధి మురుగంతా కాలువలోకే పోతుందమ్మా," అన్నాడు.

నవ్వకూడదు, పుండ్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి.
ఆ మాట చెప్పాల్సింది నేనే.
నేనే ముందు నవ్వాను.