తాడూ బొంగరం

బ్రిడ్‌పోర్ట్‌లో శనివారం సంత.
వీధులు ఎందుకింత వెడల్పని అడిగితే
"తాళ్లు పేనడానికి" అంది థర్జా గాలప్,
పాత సామాన్ల బల్ల వెనక నిలబడి,
వేళ్లు కత్తిరించిన ఉన్ని తొడుగులతో టీ కప్పు పట్టుకుని.
ఈ గుమ్మంలో ఒకడు చక్రం తిప్పుతుంటే
నడుముకి నార చుట్టుకుని ఇంకొకడు
వెనక్కి వెనక్కి నడిచేవాడట,
రోజుకెన్ని మైళ్లో,
వెళ్లేచోటు కాక వదిలిన చోటునే చూస్తూ.

మా మేనత్త నన్ను తాడూ బొంగరం లేనిదంటుంది.
ఆవిడ బాధ బొంగరం గురించి కాదు,
మెడలో తాడు గురించి.
వచ్చీరాని ఇంగ్లీషులో థర్జాకి చెప్పాను.
"తాడు నా దగ్గరుంది,
బొంగరం నువ్వు వెతుక్కో" అంది.
మెడకి తాడు సంగతి ఇక్కడా ఉందట:
ఒకప్పుడు ఎవర్నైనా ఉరి తీస్తే
బ్రిడ్‌పోర్ట్ బాకుతో పొడిచారు అనేవాళ్లట.
చిల్లర లెక్కపెడుతూ చెప్పింది, తప్పిపోతే మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతూ.

వాళ్లమ్మ వంటింటి తలుపు కొక్కేనికి
వల తగిలించి అల్లేది.
ముందు చేపల వలలు, తర్వాత ఫుట్‌బాల్ వలలు.
టీవీలో గోలు పడి ఇంటిల్లిపాదీ గంతులేస్తుంటే
ఆవిడ మాత్రం బంతిని చూసేది కాదు,
ముడి జారలేదు కదా అని
వల మూలకే చూపు.

మూడు పౌన్లకి ఒక చెక్క కండె కొన్నాను,
దాన్నింకా చుట్టుకుని కాస్త తారు వాసన.

నది వెంట కాలిబాట.
రెల్లు, బురద, ఎవరిదో ఒంటి బూటు.
తర్వాత సముద్రం, దాని మీద
కత్తితో కోసిన బెల్లం అచ్చులా కొండ.
నిరుడు బాట ఉన్నచోట ఇప్పుడు గాలి ఉంది.
కంచె గుంజలు పాతుతున్న జెత్రో
"నాలుగోసారి జరపడం" అన్నాడు,
పొలాన్ని చూస్తూ కాదు, అలల్ని చూస్తూ,
గట్టు తగాదా ఉన్న పక్కింటివాణ్ణి చూసినట్టు.

పైన మలుపులో, ఎండలో
చుట్టగా పడి ఉంది వేలెడు లావు తాడు.
థర్జా మాటల్లోనే ఉన్నానేమో
వంగి తీసుకోబోయాను.
తాడు తలెత్తింది.

తాడును చూసి పామనుకునేవాళ్ల గురించి
వేదాంతులు చాలా చెప్పారు.
పామును చూసి తాడనుకున్నదాని గతేమిటో
ఎవరూ చెప్పలేదు.
చెయ్యి గాల్లో ఉన్నదున్నట్టే ఉంచి నిలబడ్డాను.
అది నన్నేమనుకుందో,
వీపు మీది మెలికల గీతను తాపీగా లాక్కుంటూ
గడ్డిలోకి జారిపోయింది.
అప్పుడొచ్చింది చెమట.

నాలుగింటికి తిరిగొచ్చేసరికి సంత లేదు.
క్యాబేజీ ఆకులు, తడిసిన అట్టపెట్టెలు,
థర్జా బల్ల ఉన్నచోట నాలుగు కాళ్ల గుర్తులు.
ఖాళీ అయ్యాక వీధి మరీ వెడల్పు.
బస్సుకింకా పావుగంట.
ఎవరూ చూడట్లేదనుకుని
కండెను నడుము దగ్గర పట్టుకుని
వెనక్కి నడిచాను,
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
ఎదుట కొండ చిన్నదవుతుంటే
మధ్యలో ఏదో పురి ఎక్కుతున్నట్టే ఉంది.

ఐదో అడుగుకి చెత్తడబ్బా తగిలింది.
లోపల్నించి ఒక సీగల్
నోటికొచ్చినట్టు తిట్టింది.