ధడెం

బోరా గాలి లేచిన రోజున త్రియెస్తెలో
వీధి మలుపుల్లో తాళ్ళు కడతారు, పట్టుకుని నడవడానికి.
ఆ తాడు పట్టుకునే వెళ్ళాను,
పానాల సంచి నడుముకి కొట్టుకుంటుంటే
నాలుగో అంతస్తుకి, ఒండీనా ఫుర్లాన్ ఇంటికి.
బాయిలర్ ఆగిపోయిందని ఫోను.
"ఇక్కడ చలికి ఆగలేనివాళ్ళు పదకొండుమంది, త్వరగా రా."
పెద్ద సంసారం కాబోలనుకున్నాను.

తలుపు తీసింది. మెడలో మఫ్లరు.
మఫ్లరు నావైపు తిరిగి నాలుక చాపింది.

"కంగారుపడకు. సుమత్రావాడు.
బస్తాల సందున వచ్చినప్పుడు చెప్పుతాడంత ఉండేవాడు."

ముప్ఫై నాలుగేళ్ళు రేవులో కాఫీ తూచింది ఆవిడ.
గోనె విప్పితే గింజలొక్కటే రాలవు.
ఒకనాడు ఆకుపచ్చ చెట్టుకప్ప.
ఒకనాడు అరచేయంత సాలీడు,
పొట్టకింద గుడ్ల మూటతో, పురిటికి వచ్చినట్టు.
అలాంటివాటికి బకెట్టులో సలసల కాగే నీళ్ళు అని రూలు.
రూలు పుస్తకంలో ఏటా సంతకం పెట్టేది,
సాయంత్రం అన్నం డబ్బాలో వాటిని ఇంటికి తెచ్చేది.

స్నానాల తొట్టిలో తాబేళ్ళు.
బట్టల బీరువాలో బట్టలు తప్ప అన్నీ.
పొయ్యి పక్క కుర్చీలో బ్రెజిల్ ఉడుము,
పేరు సాంతోస్, ఇంటి అల్లుడిలా కూర్చుంది.
కర్టెను కడ్డీ మీద ఊసరవెల్లి,
ఒక కన్ను నా మీద, ఒకటి గడియారం మీద.

పంపు కాలిపోయింది. కొత్తది సోమవారం గాని దొరకదు.
ఆ రోజు శనివారం.
చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు.
నన్ను పైనుంచి కిందికి చూసి
"నీ ఒంట్లో ముప్ఫై ఏడు డిగ్రీలు ఊరికే పోతున్నాయి, దారియో" అంది.
నా కోటు గుండీలు తనే విప్పింది.
చొక్కా జేబులో కప్పని పెట్టింది,
తడి గుడ్డలో చుట్టి, ఉత్తరం పెట్టినట్టు.

గోల ఏమిటని రెండో అంతస్తు పెర్తోత్ పైకొచ్చాడు.
ఈ జంతువులను వెళ్ళగొట్టాలని
భవనమంతా తిరిగి సంతకాలు పట్టినవాడు.
"నీ దగ్గరా ముప్ఫై ఏడున్నాయి" అంది ఆవిడ.
ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను.
తెల్లారేవరకు సోఫాలో కూర్చున్నాడు,
స్వెట్టరులో ఉడుముతో, మెడ దగ్గర దాని తల,
మున్సిపాలిటీని, గాలిని, కాఫీని, నన్ను వరసగా తిడుతూ,
మధ్య మధ్య దాని వీపు నిమురుతూ.
(సోమవారం మళ్ళీ ఫిర్యాదు పెట్టాడు.
ఈసారి ఉడుము పేరు తప్పుల్లేకుండా రాశాడు.)

ఆదివారం ఆవిడ తూకాల రోజు.
రేవునుంచి తెచ్చుకున్న పాత త్రాసు,
ఖాకీ అట్ట లెక్కల పుస్తకం.
ముందు ఖాళీ తువ్వాలు వేసి ధడెం కడుతుంది,
తర్వాత ఒక్కొక్కరినీ ఆ తువ్వాలులో చుట్టి పెడుతుంది.
సాంతోస్ రెండు కిలోలా తొమ్మిది వందలు.
తాబేళ్ళు ఎప్పటిలాగే.
మెడలోవాడు త్రాసులో నిలవడు, వాడికి అంచనాయే.

కప్ప కోసం చెయ్యి చాపింది.
జేబులోంచి తీశాను.
రాత్రి మూడింటికి కదిలింది, ఒట్టు.
నాలుగింటికీ కదిలిందనే అనుకున్నాను,
అది నా గుండె అయి ఉండాలి.

ఆవిడ చాలాసేపు పళ్ళెంలోకి చూసింది.
"నీ తప్పు లేదు. ముసలిది.
యూరో నోటు పుట్టకముందు వచ్చింది."
ముల్లు ఊగి ఊగి ఆగింది.
ఇరవై ఒక్క గ్రాములు అని రాయబోయి
పెన్సిలు ఎత్తింది.
"ఇంకా వెచ్చగా ఉంది, చూడు.
ఇందులో కొంత నీది.
దీనికి ధడెం ఎలా కట్టాలో
ముప్ఫై నాలుగేళ్ళలో ఎవరూ నేర్పలేదు."

సోమవారం పంపు బిగించి బిల్లు రాశాను.
పంపు ఖరీదు, రెండు వాషర్లు.
కూలి అన్న గడి దగ్గర ఏం వెయ్యాలో తోచక
గీత కొట్టి ఇచ్చేశాను.
ఆవిడ నవ్వలేదు. గడియ పెడుతూ
"ఆ జేబు ఉతక్కు, రెండు రోజులు" అంది.
ఎందుకని అడగలేదు.
గాలి తగ్గింది గాని తాళ్ళు ఇంకా విప్పలేదు.