ఇరవై ఎనిమిది రోజుల నెల

కాలేజీ తెరిచిన వారానికి
పర్లాకిమిడి బస్టాండు ఎదర నా కొట్టుకి
కొత్త మొహాలొస్తాయి.
గుమ్మ నుంచి, సెరంగో నుంచి, ఇటు పాతపట్నం నుంచి.
ఒడియాలో అడుగుతారు, తెలుగులో బేరమాడతారు,
ఒకరి చెవిలో ఒకరు సవరలో
"ఈవిడ మోసం చేస్తాదేటో" అనుకుంటారు.
ఆ భాషలో నాకొచ్చిన ముక్క అదొక్కటే.

ముందు కెమెరా అడుగుతారు.
నేను బ్యాటరీ చూపిస్తాను.
"మెగాపిక్సెల్సు ఎన్ని?" అంటాడు కూర్మారావు.
మీ హాస్టలు గదిలో ప్లగ్గులెన్నిరా అంటాను.
పద్నాలుగు మందికి రెండు.
మరైతే నాన్నా, నీ మొహం సంగతి తర్వాత,
రాత్రి పదకొండుకి ఏటి చేస్తావో అది చూసుకో.

ఇక్కడ గాలిక్కూడా రెండు రాష్ట్రాలు.
కొట్టు గుమ్మంలో ఒడిశా,
వెనకాల నీళ్లకుండ దగ్గర ఆంధ్రా.
దాహమేసి లేస్తే చాలు
స్వాగతమని మెసేజీ వస్తాది.
నలభయ్యేళ్లుగా ఈ ఊళ్లోనే ఉన్నాను,
నాకు స్వాగతం చెప్పింది ఆ కంపెనీవాడొక్కడే.

అందుకే ఏ సిమ్ము మంచిదంటే చెప్పను.
నీ మంచం ఏ గోడకుందో చెప్పు.
మీ అమ్మ ఫోనెత్తాలంటే
ఏ గుట్టెక్కి నిలబడాలో చెప్పు.
అక్కడికి ఏ టవరు ఆనితే అదే నీది.

నెల ప్లానంటాడు వాడు.
లెక్కెట్టు, ఇరవై ఎనిమిదే.
ఏ ఆడమనిషి నేర్పిందో వాడికా లెక్క.
మీ నాన్నకి ఏడాదంటే పన్నెండు నెలలు,
నీకు పదమూడు రీఛార్జీలు.
ఆ పదమూడోది ఏ గోడ క్యాలెండర్లోనూ ఉండదు.

ఇంకోటి. నంబరు చావనివ్వకు.
దండాసి గాడు రెణ్ణెల్లు, మూణ్ణెల్లని వదిలేసేడు.
వాడి స్కాలర్‌షిప్పు ఓటీపీ
బలంగీర్‌లో ఎవరో బియ్యం వ్యాపారికి పోయింది.
ఫోన్ చేసి బతిమాలితే
ఆయన పాపం మంచోడే,
అంకెలు చదివేసరికి టైము ఐపోయింది.

మొన్న సుమంతి వచ్చింది, వాళ్ల నాన్నతో.
నువాగడ పైన ఎక్కడో ఊరు.
ఆయనకొకటి, పిల్లకొకటి, రెండు సిమ్ములూ
ఆయన పేరు మీదే అన్నాడు.
మెషిన్ మీద బొటనవేలు పెట్టేడు.
ఎర్ర లైటు.
పంచెకి తుడిచి పెట్టేడు. ఎర్ర లైటు.
తడి చేసి, ఊది, రెండో చేతిది పెట్టేడు.
జీడిపిక్కలు ఒలిచిన వేళ్లవి.
జీడి తినేశాక గీతలేటి మిగుల్తాయి?

నవ్వేడు.
నవ్వి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు,
ఏదో దొంగతనం బయటపడ్డట్టు.

నీకెన్నేళ్లే పిల్లా అన్నాను.
"మొన్న మంగళవారంతో పద్దెనిమిది."
పెట్టు నీ వేలు.
పచ్చ లైటు.
రెండోసారి. మళ్లీ పచ్చే.
ఆయన నంబరూ ఆ పిల్ల పేరు మీదే పడింది.
నేనేం అనలేదు. ఆయనా అనలేదు.
పిల్ల మాత్రం ఫారం రెండుసార్లు చదువుకుంది.

తనకి గీతలు పడ్డ సెకండ్‌హ్యాండుది తీసుకుంది.
నాన్నకి కీప్యాడుది, కొత్తది.
ఇందులో బొమ్మలు రావమ్మా అంటే
"వారం రోజులు ఛార్జింగుంటాది కదా" అంది,
నా మాటే నాకు అప్పజెప్పింది.
"ఆయనది ఒక రోజు ముందే వెయ్యండి ఎప్పుడూ,
డబ్బులు నేను తెచ్చిస్తాను."
నోటుబుక్కులో రాసుకున్నాను.

అప్పుడు ఫోను పట్టుకుని
వెనకాల నీళ్లకుండ దగ్గరికెళ్లింది.
గుమ్మంలో ఆయన చేతిలోది మోగింది.
పది అడుగులు, రెండు రాష్ట్రాలు.
ఆయన బెదిరిపోయి నా వైపు చూసేడు.
లోపల్నుంచి పిల్ల సవరలో ఏదో అరిచింది.
పచ్చది నొక్కమనే అయ్యుంటాది.

నొక్కేడు, ఆ వేలితోనే.
బటను గీతలడగలేదు.