సైలెన్సర్ మీద గులాబిరంగు

ముందు వాసన వచ్చింది.
పుట్టాసింగి ఘాటీలో మూడో మలుపు దగ్గర
ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నాను.
నాలుగో మలుపులోనూ అదే వాసన
నా వెనకే వస్తుంటే
అప్పుడు ఆపాను బండి.

తాడు జారింది.
ఇరవై మగ్గులు, ఆరు బకెట్లు, జల్లెడలు,
పిల్లలు ఊదే పీపీల మూట
అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.
ఒక్క బిందె మాత్రం
పక్కకి ఒత్తిగిలి
సైలెన్సరుకి చెంప ఆనించి పడుకుంది.

అదే కావాలా దానికి?
గురుబారి ముసలమ్మ మూడు సంతల నుంచి అడుగుతున్న బిందె.
నీలం చూపిస్తే తల తిప్పేసింది.
ఆకుపచ్చ అయితే ముట్టనే లేదు.
చెవి వెనక దోపుకున్న పువ్వు తీసి
నా అరచేతిలో పెట్టి
ఇదీ రంగు, అంది.
గుణుపురంలో దొరక్క
ఆ పువ్వు చొక్కా జేబులో వాడిపోతుండగా
పార్వతీపురం దాకా పోయి తెచ్చాను.
తొంభైకి కొన్నది నూట ఐదుకి ఇద్దామని.

రాత్రి వీధి దీపం కింద బండి వాల్చి
బ్లేడు తీశానో లేదో
ఎదురరుగు మీంచి దండాసి మెకానిక్కు కేకేశాడు:
"గీరకు బావా!
క్రోము మీద గీత పడితే నువ్వు పోయినా అది పోదు.
ఇంజను ఆడించు, మెత్తబడనీ,
కర్రముక్కతో తియ్యి."

కరిగించిన వేడినే మళ్లీ రమ్మని పిలవాలన్నమాట.
కిక్కు కొట్టాను.
ఐదు నిమిషాలకి ఘాటీ వాసన వీధంతా పట్టింది.
మావాడు ముక్కు మూసుకుని లోపలికి పరుగు.
విరిగిన పప్పుగుత్తి పిడితో తోస్తే
జీడిపాకంలా సాగింది బిందె,
సన్నటి దారం ఒకటి గాలికి లేచి
నా మీసానికి చుట్టుకుంది.

చల్లారాక కిరసనాయిలు గుడ్డ.
ఆ తర్వాత మా సన్యాసమ్మ గోళ్లరంగు తుడిచే మందు.
"సగం వాడితే నిండు సీసా కొనియ్యాల," అంది,
గుమ్మంలోంచే సీసా ఎత్తి చూపించి.
ఆ పైన ముగ్గుపిండి కాదు, పళ్లపేస్టు,
దండాసి ఆజ్ఞ.
పదిహేను రూపాయల లాభం కోసం
ముప్పై రూపాయల మందు, పావు లీటరు పెట్రోలు,
ఒక పాత బనీను.

రుద్దగా రుద్దగా
పొడుగ్గా సాగిన ముఖం ఒకటి గొట్టంలో తేలింది.
తొమ్మిదేళ్ల నుంచి ఈ బండి మీదే బతుకుతూ
వెనక్కి వంగి ఇటు చూసిందే లేదు.
వీధి దీపం, దండాసి అరుగు, గుమ్మంలో ఎర్ర చీర,
అన్నీ వంగి ఆ గొట్టంలోనే కాపురమున్నాయి.
బొటనవేలంత గోధుమ మరక మాత్రం మిగిలింది.
"అది పోదు," అన్నాడు దండాసి.
ఉండనీ అన్నాను. చేతులు నొప్పెట్టి.

గురువారం సంతకి
సాక్ష్యానికి చిల్లుబిందె,
బదులుగా నీలంది ఒకటి కట్టుకుపోయాను.
నీలందాని వైపు చూడలేదు ముసలమ్మ.
చిల్లులోంచి చెయ్యి దూర్చి
మూతిలోంచి వేళ్లు ఆడించి
"గాడికు శోష లాగిలా కి?" అంది.
బండికి దాహమేసిందా అని.

నవ్వాలో వద్దో తేల్చుకునే లోపు
మరక దగ్గర కూర్చుని వేలు చాపింది.
కాలుతుంది మౌసీ! అని అరిచాను.
వేలు తీసి, ఉమ్మి వేసింది.
చుయ్‌మంది.
ఇంకా తీరలేదు దీనికి, అన్నట్టు
నా వైపు చూసి తలాడించింది.

వచ్చే సంతకి అదే రంగు తెమ్మంది.
చిల్లుదాన్ని చంకన పెట్టుకుని కొండెక్కింది,
డబ్బులివ్వకుండా, ఎందుకో చెప్పకుండా.

తాడు మూడు ముళ్లు వేసి బిగించి
ఖాళీ బండిలాంటి బండితో
దిగాను ఘాటీ.
ప్రతి మలుపులోనూ
ముక్కు ఎగబీల్చి చూసుకుంటూ.