రెండో కాలు

గుణుపురం స్టేషను వెనక గోదాములో
నాలుగు రోజులు నా పని ఒక్కటే:
జబ్బు లేనివాళ్ళ కాళ్ళు చూడడం.

లేనప్పుడు చూడడం దేనికని
మొదటి పూటే అడిగాడు గ్యాంగుమేను కూర్మారావు.
చెడిన కాలు ఎలా ఉంటుందో తెలియాలంటే
మంచి కాలు ఎలా ఉంటుందో ముందు రాసిపెట్టుకోవాలి అన్నాను.
పెద్ద డాక్టరు నాతో అన్న మాటే, కాస్త మెత్తగా దంచి.
'అయితే రాసుకోండి' అని బూట్లు విప్పాడు.
ఆ వాసన ఫారంలో రాయడానికి గడి లేదు.

పడుకోవాలి. పది నిమిషాలు మాట్లాడకూడదు.
చీలమండ పైన పట్టీ చుట్టి, చల్లటి జెల్లు ఒక చుక్క వేసి
పెన్సిలంత గొట్టం పాదం మీద ఆనిస్తే
ముందు గరగర,
ఆ తర్వాత ఎవరో లోపల కూచుని
తడికట్టెల పొయ్యిని గొట్టంతో ఊదుతున్నట్టు
ఉఫ్, ఉఫ్, ఉఫ్.
పట్టీ బిగిస్తే ఊదడం ఆగుతుంది.
మెల్లగా వదిలితే, మళ్ళీ ఊపిరి అందుకున్న చోట
ముల్లు ఎక్కడుందో అదే అంకె.

కూర్మారావుకి కుడి నూట ఇరవై ఎనిమిది,
ఎడమ నూట ముప్పై నాలుగు.
'ఒక్క మనిషికి రెండేటమ్మా?'

లెక్కల మేష్టారు త్రిలోచన పాత్రో
మూడుసార్లు చూడమన్నారు.
మూడుసార్లూ తేడా వచ్చింది, మూడు రకాలుగా.
మిషను బాగులేదని ఒడియాలో సణిగి,
నాకు అర్థం కాలేదేమోనని తెలుగులో మళ్ళీ సణిగారు.

దర్జీ దండాసి మాత్రం నొచ్చుకున్నాడు.
ముప్పై ఏళ్ళుగా మిషను తొక్కింది కుడికాలు,
అంకె పెద్దది ఎడమకాలికి.
'కష్టం ఒకదానిది, కూలి ఇంకోదానికా?'
ఏం చెప్పను. ఆ పాటి తేడా మామూలేనన్నాను.
మామూలన్న మాట ఎవరికీ నచ్చదు.

మూడో రోజు కొండ దిగి
చింతపండు బుట్టతో వచ్చింది సొంబారి.
కుడిపాదం మీద గొట్టం ఎక్కడ పెట్టినా గరగరే.
వేలితో వెతికాను. తగిలింది నా వేలి నాడే.
ఆ పాదం వెచ్చగా ఉంది, గోళ్ళు గులాబిరంగులో ఉన్నాయి,
ఆ పాదమే మైళ్ళకు మైళ్ళు దిగి వచ్చింది.
డాక్టరు తల తిప్పకుండానే అన్నాడు:
కొందరికి అక్కడ పుట్టుకతోనే దొరకదు, మడమ వెనక చూడు.
చూశాను. ఉంది. గోదామంతా వినపడేంత.

పాలిపోయిన నా ముఖం చూసి సొంబారి నవ్వి
సవర భాషలో ఏదో అంది.
నర్సు సుభాసిని దాన్ని ఒడియా చేసింది,
నేను తెలుగు చేసుకున్నాను:
'మా గెడ్డా అంతే, ఊరి ముందు రాళ్ళ కిందకి పోతాది.
ఎండిందనుకుని కొత్తోళ్ళు బిందె తిప్పుకుని పోతారు.'

ఫారంలో ఆ గడికి 'లేదు' అని రాయాలి.
'ఇక్కడ లేదు' అని రాశాను.
'ఇక్కడ' అన్నది డాక్టరు కొట్టేశాడు.

ఆఖర్న లెక్క తీస్తే అరవై రెండు మంది.
రెండు కాళ్ళూ సరిగ్గా ఒకే అంకె చూపించినవాడు ఒక్కడు:
టీ అందించే కుర్రాడు టుకునా. నూట పద్ధెనిమిది, నూట పద్ధెనిమిది.
డాక్టరు ఆ పేరు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి
ఏమీ అనలేదు.

నేనూ ఏమీ అనలేదు.
ఆ సాయంత్రం పర్లాకిమిడి ఆఖరి బస్సు హారను కొడుతోంది.
రెండో కాలికి పట్టీ కట్టలేదు నేను.
మొదటి అంకెనే పక్కగడిలో దింపేశాను.

పొద్దున్నే వెతుక్కుంటూ పోతే
వంశధార ఇసకలో గ్లాసులు తోముతున్నాడు,
మోకాళ్ళ దాకా నీళ్ళల్లో.
రా, ఒక కాలు మిగిలిపోయింది అన్నాను.

'మొన్న చూసింది ఏది?' అన్నాడు.

ఫారంలో కుడి అనే ఉంది.
కానీ ఆ తొందరలో నా చేతులు పట్టుకున్న కాలు ఏదో
వాడికీ గుర్తులేదు, నాకూ లేదు.

రెండూ తుడుచుకో అన్నాను.