ఒకటి తక్కువ

సోమవారం గ్రీవెన్సులో నా టోకెను నూట నాలుగు.
ముందున్నామె పింఛను కోసం,
వెనకాయన గట్టు తగాదా కోసం.
నేను మా అయ్య మీద అర్జీ పట్టుకుని
శ్రీకాకుళం కలెక్టరాఫీసు వరండాలో నిలబడ్డాను.

రాసిన పెన్ను అంగన్‌వాడీది,
రోజూ పిల్లల బరువులు రాసేది.
‘ప్రార్థించడమేమనగా’ దగ్గర
రెండుసార్లు ఆగింది.

మడ్డు దండాసి, మాజీ హవల్దారు, డెబ్బై రెండేళ్ళు.
ఫౌజు నుంచి వచ్చాక పద్నాలుగేళ్ళు
సోంపేటలో బ్యాంకు గుమ్మం కాశాడు,
సొంత డబుల్ బ్యారెల్‌తో.
ఒక్కసారీ పేల్చలేదు.
జీడితోటలోకి ఎలుగు దిగిన రాత్రి
కాల్చమని ఊరంతా అరిస్తే
"డబ్బాలు కొట్టండొరే,
ఆకలికొచ్చినాది, దానికేటి తెలుసు" అన్నాడు.

అలాంటి మనిషి
క్రియాటినిన్ ఎనిమిది దాటాక
తెల్లారగట్ల మూడింటికి లేచి తుపాకీ తుడిచేవాడు.
నూనెగుడ్డ వాసనకి నాకు మెలకువొచ్చేది.
గొట్టంలోంచి బల్బుకేసి చూసేవాడు,
మళ్ళీ తుడిచేవాడు.
ఒకరోజు అటు నుంచి ఇటు తిప్పి చూశాడు.
శుభ్రం కోసమే కావచ్చు.

ఆ ఏడు మా వీధిలో ముగ్గురు పోయారు.
నీళ్ళ వల్లే అన్నారు, కాదన్నారు,
సీసాల్లో పట్టుకెళ్ళారు.
మూడో మనిషి పలాసలో అయ్య పక్క మంచం.
కబురు తెలిసి అయ్య ఏడవలేదు.
"ఆడి మిషను కాళీ అయినాది" అన్నాడంతే.
ఆ రాత్రి నూనె వాసన
కోడి కూసేదాకా ఉంది.

అర్జీలో అదంతా రాయలేదు.
‘మానసికంగా కుంగి ఉన్నందున’ అని రాశాను.

నెలన్నరకి ఉత్తర్వు వచ్చింది, నీలం ముద్రతో,
జిల్లా మేజిస్ట్రేటు వారి సంతకంతో.
అయ్య లేచి నిలబడి చదివాడు,
కళ్ళజోడు లేకుండానే చదివినట్టు.
వెనక నా అర్జీ నకలు కుట్టి ఉంది.
దానిమీద వేలు చాలాసేపు నడిచింది.
"నీ రాత బాగుందే గుంటా" అన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ బైరాగి
బండి సీటు మీదే రసీదు రాశాడు.
అయ్య తుపాకీ విరిచి,
రెండు గొట్టాలూ ఖాళీ అని చూపించి,
రెండు చేతులతో అందించాడు.
లైసెన్సు పుస్తకంలో పన్నెండు తూటాలు.
అట్టపెట్టెలో పదకొండు.
"మావా, ఒకటి తక్కువ."
"ఎలకలట్టుకుపోనాయేమో."
బండి మలుపు తిరిగినా
సెల్యూట్ కొట్టిన చెయ్యి దిగలేదు.

ఆ ఒక్కదాని కోసం పంతొమ్మిది రోజులు వెతికాను.
బియ్యం డబ్బాలో, జీడిపిక్కల గోనెలో,
ఫౌజు పెట్టెలో అమ్మ చీర మడతల్లో.
పనసచెట్టు తొర్రలో చెయ్యి పెడితే
గండుచీమలు కుట్టాయి.
తుపాకీ లేని తూటా ఏం చేస్తుంది?
ఏమీ చెయ్యదు. తెలుసు.
వెతుకుతూనే ఉన్నాను.

ఆ పంతొమ్మిది రోజులూ అయ్య నాతో మాట్లాడలేదు.
"ఈ ఇంట్ల దొంగలున్నారే" అని
మేకతో చెప్పుకునేవాడు.

ఇరవయ్యో రోజు గురువారం, పలాస.
నాలుగు గంటల పని.
సన్నటి గొట్టాల్లో అయ్య నెత్తురు
బయటికెళ్ళి తిరిగొస్తోంది.
సూది లేని చెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చి
నా గుప్పిట్లో ఏదో పెట్టింది.
ఎర్ర తూటా.
ఇత్తడి అడుగు ఒంటి వేడితో వెచ్చగా ఉంది.

"రొంటినే ఉన్నాది గదే ఇన్నాళ్ళూ.
నువ్వేమో పనసచెట్టెక్కినావు."
నవ్వితే సూది కదిలి మిషను కుయ్యిమంది.
నర్సు పరుగున వచ్చి కసిరింది.
ఎందుకు దాచావని నేను అడగలేదు,
ఎందుకు ఇచ్చావని కూడా.

తిరుగు బస్సులో కంచిలి దాటాక
చాలాసేపటికి అన్నాడు.
"టేసన్లో దానికి నూనెవుడు రాత్తాడే?
ఉప్పుగాలికి తుప్పట్టీదా?"
బైరాగిని అడుగుతానన్నాను.
నెలకోసారి ఇద్దరం వెళ్దాం,
గుడ్డ నేను తెస్తానన్నాను.
కిటికీలోంచి చూస్తూ
"కొత్త గుడ్డ పనికిరాదు" అన్నాడు.

ఆ రాత్రీ మూడింటికి మెలకువొచ్చింది.
వాసన లేదు.
గురక వినబడేదాకా
చీకట్లో లేచి కూర్చున్నాను.