సున్నా ఎదురుగా

బ్రిడ్జ్‌టౌన్ దస్తావేజుల గదిలో కలం నిషేధం.
పెన్సిలిచ్చారు, చెక్కి మరీ.
రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చాను,
చేతులకింకా ఆసుపత్రి సబ్బు వాసన.

పుస్తకం పెద్దది. ఇద్దరు మోసుకొచ్చారు.
బానిసత్వం రద్దయినప్పుడు
నష్టం ఎవరికెంతో లెక్కగట్టిన పుస్తకం.
నష్టపోయింది ఎవరనుకున్నారు?
నేనూ మొదట పొరపాటే పడ్డాను.

దెబ్బలు తిన్న వీపును వదిలేసి
కొట్టి కొట్టి అలిసిన చేతికి నూనె రాశారు.
అదీ చాలక, ఇంకో నాలుగేళ్లు
జీతం లేకుండా చెరకు నరకమన్నారు,
స్వేచ్ఛ నేర్చుకోవడానికట.

గ్రేస్ హిల్ తోట. నూట పన్నెండు మంది.
వడ్రంగులకో ధర, పొలం మనుషులకో ధర,
ఆరేళ్లు నిండని పిల్లలకు చిల్లర.
అట్టడుగున, ముసలివాళ్లు, రోగిష్టులు,
పనికిరానివాళ్లు అన్న గడిలో
మింబా. వయసు అరవై ఎనిమిది.
ఎడమ చెయ్యి లేదు.
విలువ: సున్నా.

గానుగలో చెయ్యి పడితే నరకడానికి
పక్కనే గొడ్డలి ఉంచేవారని
మా అమ్మమ్మ చెప్పేది,
మొక్కజొన్న పిండిలో బెండకాయలేసి
కర్రతో తిప్పుతూ, పొయ్యి మీంచి తల తిప్పకుండా.
ప్రాణం నిలిపేది ఆ గొడ్డలేనట.
దాన్ని దయ అనాలేమో, నాకు తెలీదు.
గానుగ ఆపొచ్చు కదా అని మాత్రం
ఒక్కరికీ తోచలేదు.

నా వార్డులోనూ ఒక సున్నా ఉంది.
సున్నా నుంచి పది దాకా, నొప్పి ఎంత?
పొద్దస్తమానం ఇదే ప్రశ్న.
సున్నా చెప్పినవాళ్ల దుప్పటి సర్ది
చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోతాను.

మొన్న తెల్లవారుజామున మూడింటికి
పదకొండో మంచం, హాలమ్ పిల్‌గ్రిమ్ గారు,
తొమ్మిది అన్నారు.
కాసేపాగి, గ్రేస్ హిల్ ఒకప్పుడు మాదే, అన్నారు.
తర్వాత క్షమించమన్నారో, నీళ్లడిగారో
సరిగా వినపడలేదు.
రెండోసారి అడగలేదు నేను.

నీళ్లిచ్చాను. మార్ఫిన్ ఎక్కించాను, చీటీలో ఉన్నంత.
చుక్క ఎక్కువ కాదు.
చుక్క తక్కువా కాదు.
ఆ రెండోదానికి నా చెయ్యి
కొంచెం ఆలోచించిందని ఒప్పుకుంటాను.

బాధ ఎవరిదో చూసి తగ్గిస్తే
నేనూ ఈ పుస్తకం రాసిన గుమస్తానే.
ఎవరిదైతేనేం అని తగ్గించి ఊరుకుంటే
మింబా గొంతులో నీళ్లెవరు పోస్తారు?
నూట తొంభై ఏళ్ల దాహం.
నా చేతిలో ఉన్నదేమో ఇంతే, ఒక గ్లాసు,
అదీ పిల్‌గ్రిమ్ గారు తాగేశారు.

పుస్తకంలో గీత కూడా గియ్యకూడదు.
సంచిలో నలిగిన నొప్పి చార్టొకటి దొరికింది.
పేరు: మింబా.
మంచం నంబరు: ఖాళీ.
నొప్పి దగ్గర పెన్సిల్ ఆగింది.
పది వెయ్యడానికి నేనెవర్ని,
ఆమె గొంతు నేను విన్నానా?

అడగలేదు, అని రాశాను.
పక్కనే వేళ వేశాను, ఉదయం పదీ నలభై.
అలవాటు కొద్దీ కింద సంతకం చేశాను,
వెరోనా గిటెన్స్, డ్యూటీ నర్సు.